నిప్పుకు బెదరని చెయ్యి

బీదరు బజారులో నన్నెవరూ పలకరించకపోతే నా పని సరిగ్గా నడుస్తున్నట్టు లెక్క. పని అంటే జీతమున్న పని కాదు. మలేషియాలో ఒక కొబ్బరి తోటలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని నేను. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి కూలికి వెళ్లినవాళ్లు. తోట ఆసుపత్రిలో కట్లు కట్టడం, మందులివ్వడం నేర్చుకున్నాను. ఇండియాలో తెలుగు మాట్లాడే ఊళ్లలో కుష్ఠు రోగులకు సేవ చెయ్యడానికి మనుషులు కావాలని మా చర్చిలో అడిగితే ముందూ వెనకా చూడకుండా చెయ్యెత్తాను. "అక్కడున్నది మనవాళ్లే కదే, పుట్టింటికి పోయినట్టే" అని మా అమ్మ సాగనంపింది. అమ్మ కూడా ఆ పుట్టింటిని ఎన్నడూ చూసిన మనిషి కాదు.

నేను బస్సు దిగేనాటికి అది ఇంకా మైసూరు రాష్ట్రం. తిరిగి వెళ్లేనాటికి సర్కారు కచేరీల బోర్డుల మీద కర్ణాటక అని కొత్తగా రాయించారు. కచేరీలో కన్నడం, దుకాణంలో ఉర్దూ, భాల్కి బస్సెక్కితే మరాఠీ. తెలుగు ఇళ్లలో ఉండేది, ఆ ఇళ్లలోకి నాకు పిలుపు ఉండేది కాదు. నా తెలుగు విని పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. సముద్రం అవతలి నుంచి వచ్చిన మనిషి ఎవరైనా వాళ్లకు సింగపూరే కాబట్టి నా పేరు సింగపూర్ పిల్ల అయింది. మాది సింగపూరు కాదని మొదట్లో వాదించాను. తరవాత ఊరుకున్నాను.

మా మిషను దవాఖానలో పెద్ద నర్సుని అందరూ అక్క అనేవారు. ఆ ఊరి తెలుగు క్రైస్తవుల కుటుంబమే ఆమెది. జ్వరాలకీ కాన్పులకీ వచ్చేవాళ్లను దవాఖానలో చూసేవారు. కుష్ఠు పని మాత్రం బయట, పల్లెల్లో, సైకిలు మీద తిరిగి చెయ్యాలి. పనిలో దిగిన మొదటి వారమే అక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"తొవ్వల పేషంటు కనబడితె నువ్వు జూడొద్దు. వాళ్లు జూసినా జూడనట్టే పోవాలె. నువ్వు నవ్వి మాట్లాడినవనుకో, గా ఇంటికి పిల్లనియ్యరు, గా ఇంటి పిల్లను చేసుకోరు. సమజైందా?"

సమజైంది. కానీ నేను నోట్లో నువ్వుగింజ నానని మనిషిని. తోటలో ఉన్నప్పుడు నా గొంతు పక్క లైను ఇళ్లదాకా వినబడుతుందని మా నాన్న విసుక్కునేవాడు. అలాంటిదాన్ని, పొద్దున్న ఎవరి పాదానికి పుండు కడిగానో ఆ మనిషే సాయంత్రం ధాన్యం బజారు గాంధీ గంజ్ లో ఎదురైతే తల తిప్పుకుని పోవాలి. వాళ్లూ అలాగే పోయేవారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయినా గదికొచ్చి తలుపేసుకుంటే ఏడుపొచ్చేది. ఎవరితోనైనా తగువు పెట్టుకుంటే బాగుండునని కూడా అనిపించేది. తగువైనా మాటే కదా.

గది గంజ్ వెనక గల్లీలో ఒక విధవరాలి ఇంట్లో. కొడుకు గంజ్ నుంచి కందుల బస్తాలు వేసుకుని లారీ మీద తిరిగేవాడు, ఇంట్లో కనబడడమే తక్కువ. ఇంట్లో ఉండేది ఆమె, కోడలు, ఇంకా మాటలు సరిగా రాని మనవరాలు. నాది దవాఖాన పని అని మాత్రమే అక్క ఇంటామెకు చెప్పింది. ఏ పని అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే గది దొరికేది కాదు. గది బాడుగలోనే పూట పూటా జొన్నరొట్టె కూడా కలిసి ఉండేది.

ఇంటామెకు ఈ లోకంలో ఉన్న గర్వమంతా కోడలి చెయ్యే. ఆ వైపు జొన్నరొట్టెను పీట మీద అరచేత్తో తట్టి, పెంక మీద వేసి, చేత్తోనే తిప్పుతారు. ఎంత అలవాటున్నవాళ్లైనా వేళ్లు చురుక్కుమంటే వెనక్కి లాక్కుంటారు. ఈ పిల్ల లాక్కోదు. పొయ్యిలోంచి నిప్పును కూడా వేళ్లతో తీసి అవతల పెట్టేది. పిండి విసరడానికి వచ్చిన పక్కింటి ఆడవాళ్లను అత్త వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి చూపించేది.

"జూడుండ్రి నా కోడలు చెయ్యి. నిప్పుకు బెదరది. మీ కోడండ్లు ఉన్నరు, పెంక జూస్తేనే అమ్మా అయ్యా అంటరు."

వాళ్లు బుగ్గన వేలు పెట్టుకుని నిజమే నిజమే అనేవారు. కోడలు తల వంచుకుని రొట్టె తట్టుకుంటూ ఉండేది. ఆ పొగడ్త మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. రెండోసారి ఆ చేతినే చూశాను. చిటికెన వేలి పక్కన పాత కాలిన మచ్చలు, కొత్త బొబ్బ ఒకటి. ఆ బొబ్బ మీదే వేడి రొట్టె మోపి తిప్పుతోంది. ముఖంలో ఉలుకు లేదు.

అత్త నౌబాదులో తమ్ముడింటికి వెళ్లిన ఒక మధ్యాహ్నం నేను ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. అప్పటి నౌబాదులో ఇళ్లకన్నా చేలే ఎక్కువ, వెళ్లినామె పొద్దుగూకేదాకా రాదు. కళ్లు మూసుకోమని, నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ వేలు పెట్టి చూపించమన్నాను. ఆటనుకుంది కాబోలు, కళ్లు మూసుకుంది. కోడి ఈకతో భుజం ముట్టుకుంటే చూపించింది. ఎడమ చెయ్యి ముట్టుకుంటే చూపించింది. కుడి చెయ్యి బయటి అంచున, చిటికెన వేలి మీద ఎంతసేపు రాసినా కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది. ఇంకా ముట్టుకోలేదేమని ఎదురు చూస్తోంది. మోచేతి వెనక నరం తాడులా నా వేళ్లకు తగిలింది. రవిక చేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది.

కళ్లు తెరిచి నా ముఖం చూసింది. నేను చెప్పనక్కర్లేకపోయింది.

"బిడ్డ పుట్టిన కాడికెల్లి మొద్దుబారినట్టే ఉంటున్నది" అంది. "గదే రోగం గదా అక్కా?"

అవునన్నాను. అంటుకునే రకం కాదని, బిడ్డకు భయం లేదని, ఏళ్ల తరబడి గోలీలు మింగాలని, చెయ్యి కాలకుండా చూసుకుంటే వేళ్లకేమీ కాదని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ పిల్ల అవేవీ వినలేదు.

"అత్తకు తెలిస్తె నన్ను తల్లిగారింటికి తోలుతది. బిడ్డను ఉంచుకుంటది" అంది. "నువ్వు చెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. నా జీవితంలో నోరు మూసుకుని నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నాకొక మనిషి దొరికింది. గోలీలు తెచ్చి నా గదిలోనే మింగించేదాన్ని. మింగాక వెంటనే వెళ్లిపోయేది కాదు, గడపలో కూర్చుని బిడ్డకు తల దువ్వుతూ కబుర్లు చెప్పేది. మా తోటలో కొబ్బరికాయలు దించడానికి కోతులను పెంచుతారని చెబితే నమ్మలేదు. అబద్ధాలు చెప్పడానికి అంత దూరం నుంచి రావాలా, చెప్పేవాళ్లు మా గంజ్ లో దొరకరా అంది. ఎన్ని నెలల తరవాతో నేను కడుపారా నవ్వాను. ఈ పిల్లకు రోగం వచ్చినందుకు నేను సంతోషపడడం లేదు కదా అని ఒక్కోసారి నాకే భయం వేసేది.

చెయ్యి కాపాడాలి కాబట్టి ఒక చిమ్టా కొనిచ్చాను. పటకారు లాంటి ఆ ఇనుప చిమ్టాతో రొట్టెను తిప్పితే కాలదు. అది చూసి అత్తకు తల కొట్టేసినట్టయింది.

"చిమ్టానా? మా ఇంట్ల చేతులు లేవా?"

"బిడ్డ మీద మీద పడుతున్నది అత్తా, ఓ చెయ్యి దానికే కావాలె" అని కోడలు సర్దిచెప్పింది. అత్త గొణిగి ఊరుకుంది. పక్కింటివాళ్లను పిలిచి చూపించడం మాత్రం మానేసింది.

వానాకాలంలో వాగు పొంగి నేను ఒక పల్లెకు వెళ్లలేకపోయాను. అక్కడి ముసలాయన ఒకడు గోలీలు అయిపోయాయని వాగు తగ్గీ తగ్గకముందే దాటి, దారి అడుగుతూ అడుగుతూ నేనున్న ఇల్లు పట్టుకుని వచ్చాడు. పట్టపగలు. వాకిట్లో నిలబడి, వేళ్లు లేని రెండు చేతులూ జోడించి, "మందులమ్మ ఉన్నదా" అన్నాడు. గల్లీ అంతా చూసింది.

ఇంటామె ఆయన చేతులను చూసింది. నన్ను చూసింది. తరవాత ఎందుకో వెనక్కి తిరిగి వంటింటి వైపు చూసింది. ఆ తరవాత తిట్లు ఎత్తుకుంది చూడండి, గంజ్ లో హమాలీలకు కూడా వినబడి ఉంటుంది.

"గీ పని చేసుకుంట నా ఇంట్ల తింటున్నవా? బిడ్డ తల్లి ఉన్న ఇల్లు ఇది. నడువు. ఇప్పుడే నడువు."

నేను ముసలాయనకు గోలీలు ఇచ్చి పంపించి, పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్లాను. అత్త తిట్లు నన్ను పెద్దగా తాకలేదు. అలాంటివి పల్లెల్లో రోజూ పడేవే. కానీ కోడలు బయటికి వచ్చింది. నా కంచం, నా గ్లాసు చీరకొంగుతో పట్టుకుని వచ్చి మురుగు మోరీలోకి విసిరింది. అత్తకన్నా గట్టిగా, గల్లీవాళ్ల వైపు తిరిగి, "థూ, నా బిడ్డను గూడ ఎత్తుకున్నదమ్మా ఇది" అంది. నేను కూర్చునే గడప మీద పేడనీళ్లు కుమ్మరించింది.

అలాగే చెయ్యాలి. ఆ నిమిషంలో ఆమె నా వైపు ఒక్క మెత్తటి చూపు చూసినా గల్లీ పసిగట్టేసేది. నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గుతుందని ఎవరన్నారో గానీ తగ్గలేదు. పెట్టె సైకిలుకు కట్టుకుని, మోరీలో తేలుతున్న నా కంచం పక్కనుంచే వెళ్లిపోయాను. ఎవరైనా తిట్టినా బాగుండునని కోరుకున్నాను కదా, ఆ కోరిక కూడా తీరింది.

అక్క నాకు దవాఖాన ఆవరణలో పాత సామాన్ల గది ఖాళీ చేయించి ఇచ్చింది. అక్కడ మాట్లాడడానికి బల్లులు తప్ప ఎవరూ లేరు. నాకున్న దిగులల్లా ఆ పిల్ల గోలీలు. దవాఖానకు ఏ వంకతోనూ రాలేదు, నేను ఆ గల్లీలో అడుగు పెట్టలేను. గోలీలు ఆగితే వేళ్లు ముడుచుకుపోతాయి. ముడుచుకున్న వేళ్లను ఏ అత్త దగ్గరా దాచలేరు.

కందులు వచ్చే రోజుల్లో గంజ్ లో బస్తాలు దించే చోట రాలిన గింజలను ఆడవాళ్లు ఊడ్చి, చెరిగి, దారి పక్కనే కుప్పలు పోసి అమ్ముతారు. ఒక రోజు ఆ వరసలో కోడలు కనబడింది. అక్క చెప్పినట్టే తల తిప్పుకుని పోబోయాను.

"ఓ అమ్మా, కందిపప్పు నూక. సస్తగ ఇస్త, జూసి పో" అని తనే పిలిచింది, ముక్కూ ముఖం తెలియని దాన్ని పిలిచినట్టు.

కూర్చున్నాను. సంచిలో ఎప్పుడూ పెట్టుకుని తిరిగే గోలీల పొట్లం డబ్బులతో కలిపి ఆమె చేతిలో పెట్టాను. నూక కొలిచి నా సంచిలో పోస్తూ, తల ఎత్తకుండా, పెదవులు కూడా సరిగా కదపకుండా అంది.

"నీ కంచం పారేసిన నాడు నేను బువ్వ తినలేదక్కా."

లేచి వచ్చేశాను. ఆ సంచి నిండా తెచ్చిన నూకలో సగం రాళ్లే. ఏరుకుంటూ కూర్చుని అదే మాటను మళ్లీ మళ్లీ అనుకున్నాను.

ఆ తరవాత నా పప్పంతా అక్కడే కొన్నాను. సామాన్ల గదిలో తినేవాళ్లు లేక నూక డబ్బాలు డబ్బాలు మిగిలిపోయి అక్క నాకు పప్పు పిచ్చి పట్టిందనుకుంది. కొనేటప్పుడు మేం బేరం తప్ప ఏమీ మాట్లాడేవాళ్లం కాదు. పక్కన నా పనేమిటో తెలియని వేరే గల్లీల ఆడవాళ్లు ఉండేవారు. ఒక్కసారి మాత్రం, "ఈ నడుమ చేటల కట్టె పేడు గుచ్చుకుంటె సుర్రుమన్నదమ్మా" అని చెయ్యి విదిలించింది. పక్కనామె, గుచ్చుకుంటే సుర్రుమనక ఏమంటుంది, ఇదో పెద్ద ముచ్చటా అని నవ్వింది. నేను సైకిలు తొక్కుకుంటూ ఊరి బయటికి పోయి, మనిషి జాడ లేని చోట దిగి గట్టిగా కేక వేశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేని సంతోషాన్ని ఏం చేసుకోవాలో నాకు వేరే తెలియలేదు.

చర్చి నాకు పెట్టిన గడువు ముగిసే రోజులు వచ్చాయి. నా తరవాత ఆ పిల్లకు గోలీలు ఎవరివ్వాలి? అక్క ఇవ్వడానికి లేదు, కుష్ఠు మందులు ఆమె చేతి మీదే వస్తాయని ఊరందరికీ తెలుసు. ఆమె దారి పక్క కూర్చుని నూక కొన్నదంటే మర్నాటికి ఆ వరస వరసంతా ఖాళీ అయిపోతుంది. ఈ ఆలోచనతో నాకు తిండి సయించని రోజుల్లో ఇంటామె దవాఖానకు వచ్చింది. మోకాళ్ల నొప్పులని చీటీ రాయించుకుని, నేరుగా నా గదికి వచ్చి, పెట్టె మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. ఇంకా తిట్టడానికి ఏం మిగిలిందా అనుకుంటున్నాను.

"పోతున్నవట" అంది.

"అవును."

"మరి దాని గోలీలెట్ల?"

ఎవరి గోలీలు అన్నాను. ఒట్టు ఒట్టే.

"నా తోని నాటకాలాడకు బిడ్డా" అంది, మెల్లగానే. "గా ముసలోడు నా వాకిట్ల నిలవడ్డ నాడు నువ్వేం పని చేస్తవో ఎర్కైంది. నువ్వు చిమ్టా ఎందుకు తెచ్చినవో గూడ గప్పుడే ఎర్కైంది. ఊరోళ్లను పిలిచి పిలిచి గా చెయ్యిని నేనే జూపెట్టిన. ఎవ్వలకన్నా అనుమానమొస్తె? అందుకే గల్లీ మొత్తం ఇనాలెనని ఒర్రిన. నిన్ను ఎల్లగొడితేనే నా ఇల్లు మంచిగున్నదనుకుంటరు."

నేను గోడకానుకుని కింద కూర్చున్నాను.

"దానికి నాకు తెలుసని తెల్వొద్దు" అంది. "తెలిస్తె దినాం నా మొఖం జూసి భయపడుతది, భయంతోని తల్లిగారింటికి పోతది. నా మనవరాలికి తల్లి కావాలె. గోలీలు నేను తీస్కపోత, అక్కతోని నేనే మాట్లాడుకుంట. ఇంట్ల మోకాళ్ల మందులని చెప్త. అది ఎట్ల మింగాల్నో నువ్వే సోంచాయించు."

ఆలోచించాను. చివరిసారి గంజ్ లో నూక కొంటూ కోడలితో గొణిగాను. మీ అత్త మోకాళ్ల మందులతో పాటు తెల్ల గోలీలు కూడా అక్క కట్టిస్తుంది, ఇంట్లో ఆడవాళ్లకు బలానికని చెబుతుంది, అవి నీవి, మీ అత్తకేమీ తెలియదు అని. ఆ పిల్ల చేట అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"పాపం, అత్తకు తెల్వకుండ అత్తతోనే మోపిస్తున్నవా. మంచి దొంగవే నువ్వు."

సంచి మూతి కట్టుకుని లేచాను. ఇద్దరి రహస్యమూ నా కడుపులోనే ఉంది, దాన్ని సముద్రం దాటించాలి.

వెళ్లే రోజు అక్క ఒక కష్టమైన కాన్పులో ఇరుక్కుపోయింది. బస్టాండుకు ఒక్కదాన్నే వచ్చి హైదరాబాదు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. బీదరులో ఇన్నాళ్లున్నాను కదా, ఎవరో ఒకరు పొరపాటునైనా వస్తారేమోనని మనసు పీకుతూనే ఉంది. అప్పుడు చూశాను. అత్తా కోడలూ బిడ్డను ఎత్తుకుని బస్టాండులోకి వస్తున్నారు. నౌబాదుకు పోదామని అత్తే అడిగిందో, బిడ్డకు గాలి తగలాలని కోడలే వంక పెట్టిందో, ఎవరు ఎవరిని మభ్యపెట్టి తీసుకొచ్చారో నాకు తెలియదు. నౌబాదు బస్సు ఆగేది అవతలి చివర. వాళ్లు నా బస్సు పక్కనుంచే నడిచారు.

ఇద్దరూ నా వైపు చూడలేదు. కోడలు కుడి చెయ్యి కొంగు కింద ఉంది. అత్త కుంటుతూ, కావాలని మెల్లగా నడుస్తోంది. నా కిటికీ కిందకు రాగానే బిడ్డ నన్ను గుర్తుపట్టింది. కిలకిలా నవ్వి రెండు చేతులూ చాచింది. అంతే, ఒకవైపు నుంచి అత్త చెయ్యి, ఇంకోవైపు నుంచి కోడలి చెయ్యి ఒక్కసారే వచ్చి ఆ పసిముఖాన్ని అవతలికి తిప్పాయి. చేతులు రెండూ ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా ముందుకు నడిచిపోయారు.

బస్సు కదిలింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే టికెట్లు కొట్టుకుంటూ కండక్టరు వచ్చి నా పక్కన ఆగాడు.

"ఏమైందమ్మా? తోలియ్యనీకి ఎవ్వలు రాలేదా?"

"ఎవరూ రాలేదు" అన్నాను.